ఆదోని కాటా కంప్యూటర్: బూట్ మెసేజీలే బూటుకు అడ్డం పడిన కేసు

ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు పక్కనున్న వే బ్రిడ్జి ఇది. పత్తి సీజన్లో పొద్దున్నుంచి రాత్రి దాకా ట్రాక్టర్లు, లారీలు వరస కట్టి ఉంటాయి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కాటా గదిలోని కంప్యూటర్ మళ్ళీ లేచి తూకం తెర చూపించడానికి మూడున్నర నిమిషాల పైనే పడుతోంది. యూపీఎస్ ఉంది గానీ దాని బ్యాటరీ పని అయిపోయింది, కరెంటు పోయిన కాసేపటికే అదీ చేతులెత్తేస్తుంది. ట్రాక్టరు కాటా మీదికి ఎక్కించి నిలబెట్టిన రైతు "ఏమప్పా, ఇంగా ఎంత సేపు?" అని కిటికీలోంచి అడుగుతుంటాడు, లోపల కుర్రాడు నల్ల తెర వంక చూస్తూ కూర్చుంటాడు.

ఇంకో ఫిర్యాదు కూడా ఉంది, కానీ దాన్ని ఎవరూ దీంతో కలిపి చూడలేదు. అప్పుడప్పుడూ తూకం అంకె తెర మీద బిగుసుకుపోతుంది. గోడకున్న ఇండికేటర్ మీద బరువు మారుతూనే ఉంటుంది, కంప్యూటర్లో మాత్రం పాత అంకె కదలదు. ప్రోగ్రాం మూసి మళ్ళీ తెరిస్తే సరిపోతుంది. కాటా కుర్రాడికి అది అలవాటైపోయింది, "అది అంతే అన్నా, కాసేపు సతాయిస్తది" అన్నాడు. నాకైతే మూడున్నర నిమిషాల కంటే ఇదే ఎక్కువ టెన్షన్ పెట్టింది, ఎందుకంటే ఆ అంకె మీదే రైతుకి డబ్బులొస్తాయి.

మెషిన్ గురించి రెండు ముక్కలు. మామూలు ఇంటెల్ బోర్డు, వెనక నిజమైన తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు, డెబియన్ 12 అనే లినక్స్, దాని కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం) 6.1. ఇండికేటర్ నుంచి వచ్చే కేబుల్ ఆ సీరియల్ పోర్టుకే తగిలించి ఉంది, 9600 బాడ్ (సెకనుకి 9600 బిట్లు) మీద బరువు అంకెలు ఆగకుండా వస్తుంటాయి. ఇండికేటర్‌కి తూనికలు కొలతల శాఖ సీలు ఉంటుంది కాబట్టి దాని జోలికి పోకూడదు, ఏం చేసినా కంప్యూటర్ వైపే చెయ్యాలి.

నేను వెళ్ళేసరికే దీని మీద వైద్యం జరిగి ఉంది. బూట్ స్లో అనగానే అందరూ చెప్పేదే చెప్పారు, హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేశారు. వింత ఏంటంటే ఎస్‌ఎస్‌డీ వేశాక ఇంకా స్లో అయింది. ఆ తర్వాత ఎవరో లాగ్ చూసి, పెద్ద ఖాళీ తర్వాత ఏసీపీఐ (కరెంటు, పరికరాల అమరిక చూసే ఏర్పాటు) అని ఉన్న వరస కనబడితే తప్పు దానిదే అనుకుని కెర్నల్ ఆప్షన్లలో ఏసీపీఐ=ఆఫ్ పెట్టారట. దాంతో షట్‌డౌన్ కొడితే మెషిన్ పూర్తిగా ఆగట్లేదని మళ్ళీ తీసేశారు. పోనీ కొత్త మెషినే కొనేద్దాం అనే దాకా వచ్చింది సేటు ఆలోచన.

కెర్నల్ మెసేజీలు చూపించే డీమెసేజ్ లాగ్‌లో ప్రతి వరస ముందూ బ్రాకెట్లో ఉండే సెకన్లు ఆ మెసేజ్ కెర్నల్ బఫర్‌లోకి, అంటే మెమరీలోని దాని చిట్టాలోకి, చేరిన క్షణం. తెర మీద పడిన క్షణం కాదు, ఆ పని పూర్తయిన క్షణం అని కూడా ఏం లేదు. కాబట్టి రెండు వరసల మధ్య ఇరవై సెకన్ల ఖాళీ ఉంటే ఆ నేరం కింది వరసది అనుకోకూడదు, ఆ ఖాళీ వచ్చాక మొదట నోరు తెరిచింది అది, అంతే. ఆ మధ్యలో ఎవరు ఏం చేస్తున్నారో వేరే చోట వెతకాలి. ఏసీపీఐ మీద నింద పడింది ఇలాగే.

డీమెసేజ్‌కి -డి ఇస్తే ప్రతి వరస పక్కన పై వరసతో తేడా ఎంతో వేసి చూపిస్తుంది. నేను ముందు చూసేది ఎప్పుడూ ఆ తేడాల తీరే, అంకెలు తర్వాత. ఏదైనా పరికరం జవాబివ్వక కెర్నల్ ఎదురుచూస్తే లాగ్ అంతా చకచకా నడిచి ఒక్కచోట గుంత పడుతుంది, ఆ గుంత కూడా చాలాసార్లు గుండ్రటి అంకె దగ్గరే ఉంటుంది, పది సెకన్లు, ముప్ఫై సెకన్లు, తొంభై సెకన్లు, ఎందుకంటే అవి ఎవరో మనిషి కోడ్‌లో రాసిపెట్టిన టైమౌట్లు. ఉదాహరణకి డిస్కుని కలిపే సాటా లింకు మొరాయిస్తే దాన్ని చూసుకునే లిబ్ఎటిఏ డ్రైవర్ మొదటి రీసెట్‌కి 10 సెకన్లు, రెండోదానికి 10, తర్వాత 35 ఇచ్చి చూస్తుంది, అది లాగ్‌లో చూడగానే పోల్చుకోవచ్చు. ఇక్కడి తీరు వేరే. గుంతలు ఉన్నాయి, వాటి సంగతి తర్వాత చెప్తాను, కానీ గుంతలు కాకుండా మొత్తం లాగే బరువుగా నడుస్తోంది. పీసీఐ పరికరాల జాబితా, యూఎస్‌బీ హబ్బులు, నెట్‌వర్క్ ప్రోటోకాల్ రిజిస్టర్ అయింది అనే వరస, ఇలా క్షణంలో అయిపోవాల్సినవి కూడా ఒక్కోటి 50, 80, 100 మిల్లీసెకన్ల ఎడంతో వస్తున్నాయి. ఇన్ని డ్రైవర్లు ఒకేసారి ఒకే రకంగా నిదానించవు.

ఇంకాస్త దగ్గరగా చూస్తే అసలు విషయం బయటపడింది. నలభై అక్షరాల చిన్న వరస తర్వాత ఖాళీ 42 మిల్లీసెకన్లు. నూరు అక్షరాల పొడుగు వరస తర్వాత 104. వరస ఎంత పొడుగుంటే దాని తర్వాత ఖాళీ అంత. డ్రైవర్ ఏ పని చేస్తుందో దానికీ ఈ ఆలస్యానికీ సంబంధమే లేదు, ఎంత మాట్లాడిందో దానితోనే సంబంధం. ఇది చూశాక ఇంకో అనుమానం పెట్టుకోవాల్సిన పని లేదు, వెంటనే కెర్నల్‌కి ఇచ్చిన ఆప్షన్లు చూద్దామని క్యాట్ /ప్రాక్/సీఎండీలైన్ కొట్టాను. ఉంది. కన్సోల్=టీటీవై0 కన్సోల్=టీటీవైఎస్0,9600. అంటే కెర్నల్ మెసేజీలు మానిటర్ (టీటీవై0) మీదికే కాదు, 9600 స్పీడుతో సీరియల్ పోర్టు (టీటీవైఎస్0) మీదికి కూడా పోతున్నాయి. పక్కనే మెసేజీలు తగ్గించే క్వయిట్ అనే ఆప్షన్ లేదు.

లెక్క ఇలా వస్తుంది. సీరియల్ లైన్ మీద ఒక అక్షరం పంపాలంటే ఎనిమిది డేటా బిట్లకి ముందొక స్టార్ట్ బిట్, వెనకొక స్టాప్ బిట్, మొత్తం 10. 9600ని 10తో భాగిస్తే సెకనుకి 960 అక్షరాలు. ఎనభై అక్షరాల వరసకి 83 మిల్లీసెకన్లు. కెర్నల్‌లో మెసేజ్ రాసే ప్రింట్‌కె అనే ఫంక్షన్ పాత పద్ధతి కన్సోళ్ళ మీద ఆ అక్షరాలన్నీ పోర్టు దాటే దాకా పిలిచినవాళ్ళని వదలదు. వేరే సీపీయూ మీద పుట్టిన మెసేజీలు కూడా అప్పుడు కన్సోల్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ నెత్తినే పడతాయి. కావాలనే అలా రాశారు. కెర్నల్ కుప్పకూలుతున్నప్పుడు చివరి మాట బఫర్‌లో మిగిలిపోకుండా తీగ దాటాలి, లేకపోతే ఏం జరిగిందో తెలుసుకునే దారే ఉండదు. ఈ ముడి ఎంత గట్టిదంటే, కెర్నల్ కచ్చితమైన టైముకి స్పందించేలా చేసే రియల్‌టైమ్ ప్యాచ్‌లు ఇరవై ఏళ్ళ పాటు బయటే ఉండి 2024లో 6.12 కెర్నల్‌లో కలిసే ముందు చివరిదాకా అడ్డుపడింది ఈ ప్రింట్‌కె వ్యవహారమే. ఇప్పుడు వెనక థ్రెడ్లో ప్రింట్ చేసే కొత్త ఏర్పాటు వచ్చింది గానీ కన్సోల్ డ్రైవర్లు ఒక్కొక్కటిగా దానికి మారాలి, మన 6.1లో మాత్రం పాత లెక్కే.

ఇక ఆ ఏసీపీఐ వరస ముందున్న పెద్ద ఖాళీ. బూట్ మొదట్లో కన్సోల్ ఇంకా సిద్ధం కాదు, మెసేజీలు బఫర్‌లో పోగవుతుంటాయి. అందుకే మొదటి రెండొందల పైచిలుకు వరసలు సున్నా సెకన్ల దగ్గరే పక్కపక్కనే కనిపిస్తాయి. తర్వాత "కన్సోల్ టీటీవైఎస్0 ఎనేబుల్డ్" అనే వరస వస్తుంది, అప్పటిదాకా పోగైనదంతా ఆ తీగలోంచి ఒక్కసారిగా పోవాలి. చెరువు తూము తెరిచినట్టే, పైన ఎన్ని నీళ్ళున్నా తూము పట్టినంతే బయటికొస్తాయి. ఆ వరస దాకా ఉన్న అక్షరాలు లెక్కబెడితే 17,500 దాకా తేలాయి, 960తో భాగిస్తే 18 సెకన్ల చిల్లర. లాగ్‌లో ఆ వరసకీ దాని కింద ఏసీపీఐ కోర్ రివిజన్ వరసకీ మధ్య ఖాళీ కూడా సరిగ్గా 18 సెకన్ల చిల్లరే. ఏసీపీఐ పాపం ఏమీ చేయలేదు. మిగతా లాగ్ ఇంకో 50,000 అక్షరాలు, అంటే 52 సెకన్లు. కెర్నల్ నోరు కట్టేస్తే ఐదారు సెకన్లలో అయిపోయే భాగానికి డెబ్బై సెకన్లు అదనంగా పడుతోంది, ఆ మాటలన్నీ పోయేది ఎక్కడికంటే తూకం ఇండికేటర్‌లోకి, అది వాటిని వినదు కూడా.

లెక్క కుదిరినా రుజువు లేకుండా మార్చడం నాకిష్టం లేదు. బూట్ మొదలుపెట్టే గ్రబ్ మెనూలో ఈ అనే అక్షరం కీ నొక్కి, ఆ ఒక్క బూటుకి మాత్రం 9600 బదులు 115200 చేసి వదిలాను. 115200 అంటే సరిగ్గా 12 రెట్లు. నా లెక్క నిజమైతే ప్రతి ఖాళీ పన్నెండో వంతుకి తగ్గాలి, వేరే కారణమేదైనా ఉంటే అలా తగ్గదు. ఎనభై అక్షరాల వరస తర్వాత ఖాళీ 83 నుంచి 7 మిల్లీసెకన్లకి దిగింది, ఆ 18 సెకన్లు ఒకటిన్నర అయింది. కన్సోల్ మొత్తం తీసేసి చూస్తే కూడా ఆలస్యం పోయేది గానీ, పోర్టు తీసేసినందుకు పోయిందా ఆ స్పీడు వల్ల పోయిందా అన్నది అంత ఖచ్చితంగా తేలేది కాదు. ఒకే అంకె మార్చి అదే నిష్పత్తిలో ఫలితం చూడటం నాకు ఎప్పుడూ ఎక్కువ నమ్మకం ఇస్తుంది.

మిగిలిన రెండు గుంతలు ఎస్‌ఎస్‌డీ వేసినప్పుడు వచ్చినవి, తేలికగానే దొరికాయి. కొత్త డిస్కులో స్వాప్ పార్టిషన్ (మెమరీ చాలనప్పుడు వాడే డిస్కు ముక్క) కొత్తగా చేశారు, దాని యూయూఐడీ, అంటే గుర్తింపు నంబరు, మారింది, పాత యూయూఐడీ మాత్రం రెండు చోట్ల అలాగే ఉండిపోయింది. ఒకటి బూట్ మొదట్లో నడిచే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న సిస్టమ్ రెజ్యూమ్ ఫైల్లో, అక్కడ లేని డిస్కు కోసం 30 సెకన్లు చూసి "గేవప్ వెయిటింగ్" అని వదిలేస్తుంది. రెండోది డిస్కు ముక్కల జాబితా ఉండే ఎఫ్‌ఎస్‌టాబ్‌లో, అక్కడ మిగతా ప్రోగ్రాంలన్నిటినీ లేపే సిస్టమ్‌డి మామూలుగా 90 సెకన్లు ఆగుతుంది, స్వాప్ రాకుండా మిగతా పనులు ముందుకు పోవు. డిస్కు మార్చాక ఇంకా స్లో అయిందన్న మాట అందుకే నిజం. మొదటిది డీమెసేజ్‌లో డిస్కు అటాచ్ అయిన వరసకీ ఎక్స్‌టీ4 మౌంట్ అయిన వరసకీ మధ్య మౌనంగా ఉంటుంది, ఎందుకంటే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ స్క్రిప్టుల మాటలు కెర్నల్ లాగ్‌లో పడవు. బూట్ టైము లెక్క చెప్పే సిస్టమ్‌డి-ఎనలైజ్ కూడా డెబియన్‌లో ఆ 30 సెకన్లని కెర్నల్ ఖాతాలోనే కలిపేసి చూపిస్తుంది, ఆ అంకె చూసి కెర్నల్‌ని తిట్టుకోకండి.

మరి ఇన్నాళ్ళూ ఈ రెండు మెసేజీలు ఎవరి కంటా ఎందుకు పడలేదు? కెర్నల్ లైన్లో కన్సోల్ అని రెండుసార్లు రాస్తే కెర్నల్ మెసేజీలు రెండు చోట్లకీ పోతాయి గానీ మిగతా ప్రోగ్రాంలు మాటలు పంపే /డెవ్/కన్సోల్ అనేది చివర రాసినదే అవుతుంది. ఇక్కడ చివర ఉన్నది సీరియల్ పోర్టు. అంటే "స్టార్ట్ జాబ్ నడుస్తోంది, ఒక నిమిషం ముప్ఫై సెకన్లు" అని సిస్టమ్‌డి మొత్తుకుంటున్నది కూడా ఇండికేటర్ కేబుల్లోకే. మానిటర్ మీద కెర్నల్ వరసలు నత్తనడకన వచ్చి ఆగిపోవడం, తర్వాత నిమిషాల కొద్దీ ఏమీ లేకపోవడం మాత్రమే కుర్రాడికి కనిపించింది. ఇలాంటి చోట మానిటర్‌ని నమ్ముకుని లాభం లేదు, లేచాక ఆ బూటు లాగ్ మొత్తం చూపించే జర్నల్‌సీటీఎల్ -బి కొట్టి చూడాల్సిందే, అందులో టైమ్డ్ అవుట్ వెయిటింగ్ ఫర్ డివైస్ అని స్పష్టంగా ఉంది.

అదే జర్నల్లో ఇంకోటి దొరికింది, ఈ కేసులో నన్ను నిజంగా కుదిపేసింది అదే. టీటీవైఎస్0 మీద లాగిన్ ఫెయిల్ అయినట్టు మెసేజీలు, వందలకొద్దీ. కెర్నల్ కన్సోల్ సీరియల్ పోర్టు మీద ఉంటే సిస్టమ్‌డి తనంతట తానే అక్కడ సీరియల్-గెటీ అనే లాగిన్ ప్రోగ్రాం లేపుతుంది, అవతల టెర్మినల్ దగ్గర మనిషి ఉన్నాడన్న ఉద్దేశంతో. అవతలున్నది తూకం మెషిన్. అది పంపే బరువు అంకెల్లో కొన్ని కాటా ప్రోగ్రాంకి, కొన్ని గెటీకి, ఎవరు ముందు చదివితే వాళ్ళకి. గెటీకి చేరినవి యూజర్ పేరు, తర్వాతవి పాస్‌వర్డ్. ఫలానా రైతు పత్తి ట్రాక్టరు బరువు పాస్‌వర్డ్‌గా పోయి తప్పు అనిపించుకుంటోంది. ఐదు తప్పులయ్యాక లాగిన్ మానుకుంటే సిస్టమ్‌డి గెటీని మళ్ళీ లేపుతుంది, లేపే ముందు ఆ పోర్టుని తెరిచి ఉన్నవాళ్ళందరినీ తెంపేస్తుంది, ఆ సెట్టింగ్ పేరు టీటీవైవీహ్యాంగప్. ఆ దెబ్బకి కాటా ప్రోగ్రాం చేతిలోని పోర్టు కూడా తెగిపోతుంది. తెర మీద అంకె బిగుసుకుపోయేది అప్పుడే. ప్రోగ్రాం మూసి తెరిస్తే పోర్టు మళ్ళీ తెరుచుకుంటుంది కాబట్టి బాగయినట్టు కనిపిస్తుంది, కాసేపటికి మళ్ళీ అదే.

అంటే బూట్ ఆలస్యంలో ఆ డెబ్బై సెకన్లు, తూకం బిగుసుకుపోవడం రెండూ ఒకే చిన్న ఆప్షన్ నుంచి పుట్టాయి. కాటా పెట్టినప్పుడు ఎవరో సీరియల్ కేబుల్ పెట్టి బోర్డుని పరీక్షించి ఉంటారు, పని అయ్యాక ఆ లైను తీయలేదు. ఆ పరీక్ష తప్పు కాదు, అలాంటి పరీక్షకి సీరియల్ కన్సోల్ కంటే మంచి సాధనం లేదు.

చేసిన మార్పులు. /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్‌లో కన్సోల్=టీటీవైఎస్0,9600 తీసేశాను, గ్రబ్ సొంత టెర్మినల్ సెట్టింగులో కూడా సీరియల్ అని ఉంటే అదీ తీయాలి, ఇక్కడ ఉంది. అప్‌డేట్-గ్రబ్. బీఎల్‌కేఐడీ కమాండ్ చూపించిన కొత్త యూయూఐడీని ఎఫ్‌ఎస్‌టాబ్‌లో రాశాను. ఈ మెషిన్ ఎప్పుడూ హైబర్నేట్ అవ్వదు కాబట్టి రెజ్యూమ్=నన్ పెట్టి అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యు. కన్సోల్ లేకపోతే గెటీ దానంతట అదే రాదు, అయినా టీటీవైఎస్0 గెటీని మాస్క్ చేసి, అంటే అసలు లేవకుండా కట్టేసి పెట్టాను, రేపు ఎవరైనా మళ్ళీ కన్సోల్ లైను పెట్టినా తూకం మాత్రం చెడకూడదని.

క్వయిట్ పెట్టేస్తే చాలదా అని మిల్లులో కంప్యూటర్లు చూసుకునే అబ్బాయి అడిగాడు. ఆలస్యం వరకూ చాలానే తగ్గుతుంది, ఎందుకంటే క్వయిట్ కన్సోల్ లాగ్‌లెవెల్‌ని 4కి దించుతుంది, ఎర్రర్లు, అంతకంటే పెద్దవే తీగ మీదికి పోతాయి, బఫర్‌లో మాత్రం అన్నీ ఉంటాయి కాబట్టి డీమెసేజ్‌కి ఏమీ తక్కువ కాదు. కానీ కన్సోల్ అక్కడే ఉన్నంతకాలం గెటీ కూడా అక్కడే ఉంటుంది. లక్షణం పోయి రోగం ఉండిపోయేది. అసలు క్వయిట్ ముందే ఉండి ఉంటే బూట్ స్లో అవ్వేది కాదు, నన్ను పిలిచేవాళ్ళూ కాదు, బరువులు అలా గెటీలోకి పోతూనే ఉండేవి.

నిజంగా సీరియల్ కన్సోల్ కావాల్సిన మెషిన్లు ఉంటాయి, మానిటర్ లేనివి ముఖ్యంగా. అక్కడ 115200 పెట్టుకోండి, లాగ్‌లెవెల్ 4 చాలు, ఆ పోర్టుని ఇంకే పరికరానికీ ఇవ్వకండి. స్పీడు పక్కన పారిటీ, బిట్ల తర్వాత ఆర్ అనే అక్షరం ఉందేమో చూడండి, అది ఫ్లో కంట్రోల్, అంటే అవతలి పరికరం సరే అంటేనే పంపే పద్ధతి, అవతల జవాబిచ్చే పరికరం లేకపోతే సీరియల్ పోర్టు నడిపే 8250 డ్రైవర్ ఒక్కో అక్షరానికి సెకను దాకా ఆగుతుంది. వరసకి కాదు, అక్షరానికి. అలాంటి మెషిన్ చచ్చిపోయిందనే అనుకుంటారు ఎవరైనా.

మార్పుల తర్వాత మెయిన్ స్విచ్ ఆపి వేసి చూశాం, అర నిమిషంలోపే తూకం తెర వచ్చింది. డీమెసేజ్ తేడాల్లో ఎక్కడా వరస పొడుగుతో కలిసే ఖాళీలు లేవు. ఖాళీ ట్రాక్టరు ఒకటి ఎక్కించి దించి, ఇండికేటర్ అంకె, తెర అంకె పక్కపక్కన పెట్టి చూశాం, రెండూ కలిసే మారాయి. జర్నల్లో లాగిన్ మెసేజీలు మళ్ళీ రాలేదు. యూపీఎస్ బ్యాటరీ కూడా మార్చమని సేటుకి చెప్పాను, అర నిమిషమైనా కరెంటు పోయినప్పుడల్లా ఫైల్ సిస్టమ్‌ని అలా తెంపడం మంచిది కాదు.

ఒక్కటి మాత్రం నా చేతిలో లేదు. డేటా రాకపోతే పాత బరువునే చూపిస్తూ ఉండటం కాటా ప్రోగ్రాంలో ఉన్న లోపం. రెండు సెకన్లు కొత్త అంకె రాకపోతే తెర ఖాళీ అవ్వాలి, బిల్లు బటన్ పనిచేయకూడదు. పోర్టు తెగడానికి ఇంకా సవాలక్ష కారణాలుంటాయి, కేబుల్ వదులైనా చాలు, అప్పుడు ముందు బండి బరువు తర్వాతి బండి బిల్లులోకి వచ్చేస్తుంది. ప్రోగ్రాం రాసినవాళ్ళకి జర్నల్ ముక్క జతచేసి పంపించాం, మార్పు వచ్చే దాకా బిల్లు కొట్టే ముందు ఇండికేటర్ అంకె పైకి చదివి రైతుకి వినిపించాలని కుర్రాడికి చెప్పి పెట్టాను, సేటు కూడా ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత ఎమ్మిగనూరు వైపు ఇంకో కాటాలో కూడా అంకె బిగుసుకుపోతోందని తెలిసి, బయల్దేరే ముందు ఫోన్లోనే /ప్రాక్/సీఎండీలైన్ చదివించాను. అక్కడ కూడా టీటీవైఎస్0 ఉంది, కాకపోతే 115200 మీద, క్వయిట్‌తో. బూట్ చక్కగా అవుతోంది కాబట్టి ఇన్నాళ్ళూ కంప్యూటర్ని ఎవరూ అనుమానించలేదు, ఇండికేటర్ కార్డు మార్చమని కొటేషన్ కూడా తెప్పించారు. గెటీని ఆపించాను, కార్డు కొనడం ఆపేశారు.